కంట్రోల్ కీ నొక్కాలని ఎవరికి తెలుసు?

టిఫిన్ సెంటర్‌కి వెళ్లారనుకోండి. "ఒక ప్లేట్ ఇడ్లీ" అన్నారు. కౌంటర్లో ఆయన రాసుకున్నాడు. "ఒక వడ కూడా" అన్నారు. ఆయన ఇడ్లీ కొట్టేసి వడ రాసుకున్నాడు. "రెండూ కావాలండీ" అంటే, "రెండోది చెప్పేటప్పుడు ఎడమ చెయ్యి టేబుల్ మీద పెట్టి చెప్పాలి సార్, లేకపోతే మొదటిది పోతుంది" అన్నాడు. ఆ రూల్ గోడ మీద ఎక్కడా రాసి లేదు.

మళ్లీ ఆ హోటల్‌కి వెళ్తారా?

వెబ్ పేజీల్లో అచ్చం ఇలాంటి డబ్బా ఒకటి ఉంది. కంప్యూటర్‌లో చూస్తే నాలుగు వరసలు, పక్కన సన్నటి స్క్రోల్ బార్. ఒక పేరు మీద క్లిక్ చేస్తే అది నీలంగా మారుతుంది. ఇంకో పేరు మీద క్లిక్ చేస్తే అది నీలంగా మారి, మొదటిది పోతుంది. రెండూ ఉండాలంటే కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని క్లిక్ చేయాలి. మ్యాక్‌లో అయితే కమాండ్ కీ. ఈ డబ్బా పేరు 'సెలెక్ట్ మల్టిపుల్'. 1995లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0 లోనే ఉంది. అంటే వయసులో నాకంటే పెద్దది.

నేను హైదరాబాద్‌లో ఫ్రంట్ ఎండ్ ఇంజినీర్‌ని. మీరు చూసే, నొక్కే, తిట్టుకునే భాగం ఉంటుందే, అది చేసేవాణ్ని. "ఈ మధ్య ఏం చేస్తున్నావు నాన్నా?" అని మా పెద్దమ్మ అడిగితే "ఒక డబ్బా చేశా" అన్నా. "నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివి?" అంది. ఆవిడకి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయా. మీకు చెప్తా.

ఫోన్లో ఐదు, ఆఫీసులో ఒకటి

చదువు మధ్యలో ఆగిపోయిన వాళ్లకి పని నేర్పించి, ఉద్యోగాలు చూపించే ఒక శిక్షణ సంస్థ మా కంపెనీకి క్లయింట్‌గా వచ్చింది. వాళ్ల దరఖాస్తు ఫారంలో ఒక ప్రశ్న: "మీరు ఏయే జిల్లాల్లో పని చేయడానికి సిద్ధం?" కింద తెలంగాణ జిల్లాల లిస్టు. మనకి 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట వచ్చి 33 అయ్యాయి. అంటే 33 పేర్లున్న లిస్టు.

వాళ్ల ఫిర్యాదు ఏంటంటే, అభ్యర్థి నాలుగైదు జిల్లాలు చెప్తాడు, రికార్డులో ఒక్కటే ఉంటుంది. ఆ జిల్లాలో ఖాళీ లేకపోతే అతనికి ఫోనే వెళ్లదు. పక్క జిల్లాలో ఖాళీ ఉన్నా సరే. అతనేమో ఇంట్లో కూర్చుని, అందరినీ పిలిచారు, నన్నెందుకు పిలవలేదని ఎదురుచూస్తుంటాడు.

సర్వర్‌లో ఏదో పోతోందని మా వాళ్లందరి అనుమానం. నేను రికార్డులని రెండు కుప్పలు చేసి చూశా. ఫోన్ నుంచి వచ్చినవి ఒక కుప్ప, సెంటర్లలో డెస్క్‌టాప్ నుంచి వచ్చినవి ఇంకో కుప్ప. ఫోన్ కుప్పలో మూడు, ఐదు, ఏడు జిల్లాలు శుభ్రంగా ఉన్నాయి. డెస్క్‌టాప్ కుప్పలో దాదాపు అన్నిట్లో ఒక్కటే.

అప్పుడు అర్థమైంది. కోడ్ రెండు చోట్లా ఒక్కటే, డబ్బా మాత్రం ఒక్కటి కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్ ఈ డబ్బాని టిక్ పెట్టుకునే లిస్టుగా మార్చి తెరుస్తుంది. ఐఫోన్‌లోనూ అంతే, టిక్కులే. ఏమీ నొక్కి పట్టుకోనక్కర్లేదు. డెస్క్‌టాప్‌లో మాత్రం టిఫిన్ సెంటర్ రూలు. సెంటర్‌లో ఆపరేటర్ గబగబా ఐదు క్లిక్కులు కొడతారు, చివరిది మిగులుతుంది.

"కంట్రోల్ కీ నొక్కమని ఒక లైన్ రాసేద్దాం, అయిపోతుంది" అన్నాడు మా మేనేజర్. నిజానికి అది పిచ్చి సలహా కాదు. ఒక్క పూట పని. కానీ ఆ తర్వాతి వారం నేను కరీంనగర్ సెంటర్‌కి వెళ్లా.

"పక్క సీటాయన్ని ఎన్నిసార్లని పిలుస్త?"

అక్కడ డేటా ఎంట్రీ చేసే ఒకావిడకి చూపు లేదు. స్క్రీన్ రీడర్‌తో పని చేస్తారు. అంటే స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అన్నమాట. ఆవిడ వాడేది ఎన్‌వీడీఏ. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే యువకుడు మొదలుపెట్టింది. ఆయనకీ చూపు లేదు. పైసా కట్టక్కర్లేదు, ఎవరైనా దించుకోవచ్చు.

ఆవిడ దాని వేగం ఎంత పెంచుకున్నారంటే, పక్కన నిలబడ్డ నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పేరు, ఊరు, చదువు, ఫోన్ నంబర్ టకటకా కొట్టేశారు. జిల్లాల దగ్గరికి వచ్చి ఆగారు. కింది బాణం నొక్కితే చాలు, ఎంపిక కిందకి జరిగిపోతుంది, ముందు ఎంచుకున్నది పోతుంది. మౌస్ వాడేవాళ్లకి క్లిక్కుతో వచ్చే కష్టం ఆవిడకి లిస్టు వినడానికి ప్రయత్నిస్తేనే వస్తోంది.

"అన్ని గడులు నేనే నింపుత సార్. గీ ఒక్కదానికి పక్క సీటాయన్ని పిలుస్త. ఎన్నిసార్లని పిలుస్త? ఆయనకు మాత్రం పని లేదా?" అన్నారు.

సంస్థ వాళ్లు ఆవిడని ఫోన్ కాల్స్ డ్యూటీకి మార్చాలని చూస్తున్నారట. జీతం అంతే. "ఫోన్ల పని తక్కువదని కాదు సార్. కష్టపడి కంప్యూటర్ నేర్చుకున్న. ఇప్పుడు పక్కకు జరిపితే ఆమెకు రాదు అందుకే తీసేసిన్రు అనుకుంటరు."

ఆవిడకి రాకపోవడం కాదు, ఆ డబ్బా రానివ్వడం లేదు. ఒక లైన్ రాసి పెడితే తీరే సమస్య కాదని అప్పుడే తేలిపోయింది.

గోడ మీద గీసిన తలుపు

"ఇంటర్నెట్‌లో రెడీమేడ్‌వి బోలెడు దొరుకుతాయి, ఒకటి దించేసెయ్" అని టీమ్‌లో ఇంకో సలహా. దొరుకుతాయి, నిజమే. పాత డబ్బాని బ్రౌజర్ గీస్తుంది కాబట్టి లోపలి వరసల అందం మన చేతుల్లో పెద్దగా ఉండదు. అందుకే ఏళ్ల తరబడి ఎవరికి వాళ్లు సొంత డబ్బాలు కట్టుకున్నారు. 2025లో క్రోమ్ 135 వచ్చాక ఆ డబ్బాని మనకి నచ్చినట్టు దిద్దుకునే వీలొచ్చింది. అదీ మొదట ఒక్కటే ఎంచుకునే రకానికి.

దించిన వాటిలో ఒకటి చూడ్డానికి భలే ఉంది. ఎంచుకున్న ప్రతి పేరూ చిన్న బిళ్లగా పైకి వచ్చి కూర్చుంటుంది, పక్కన ఇంటూ గుర్తు. మా డిజైనర్ పడిపోయింది. నేను మౌస్ పీకేసి, మానిటర్ ఆపేసి, ఎన్‌వీడీఏ పెట్టుకుని ట్రై చేశా. ట్యాబ్ కొడితే ఏదో ఉన్నట్టు చెప్పింది. తెరిస్తే నిశ్శబ్దం. బాణాలు నొక్కినా నిశ్శబ్దమే.

ఎందుకంటే, అందులో టిక్కుల్లా కనిపించేవి టిక్కులు కావు. 'డివ్' అనే ఖాళీ పెట్టెలకి రంగులేసి, క్లిక్ చేస్తే రంగు మారేలా జావాస్క్రిప్ట్ రాశారు. కళ్లున్న మనకి అది టిక్ బాక్స్. బ్రౌజర్‌కి అది ఏ అర్థమూ లేని ఖాళీ పెట్టె. బ్రౌజర్‌కే తెలియనిది స్క్రీన్ రీడర్‌కి ఎలా తెలుస్తుంది? గోడ మీద తలుపు బొమ్మ గీసి, లోపలికి రండి అన్నట్టు.

ఆ బొమ్మకి గడియ, పిడి ఇచ్చే పద్ధతి ఒకటుంది. పేరు అరియా. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ 2014లో దాని మొదటి వెర్షన్‌ని ఖరారు చేసింది. ఇది లిస్టు, ఇది ఎంచుకున్నారు, ఇది ఎంచుకోలేదు అని కోడ్‌లో రాస్తే స్క్రీన్ రీడర్ చదువుతుంది. కానీ అరియా వాడకం నేర్పే పాఠంలో మొదటి సూత్రం ఏంటో తెలుసా? అసలు తలుపు దొరుకుతుంటే బొమ్మ తలుపుకి పోవద్దని.

కాబట్టి నా డబ్బా లోపల ఉన్నవి 33 అసలైన చెక్‌బాక్సులు. హెచ్‌టీఎంఎల్‌లో ఏళ్ల తరబడి ఉన్నవే. స్పేస్ కొడితే టిక్, మళ్లీ కొడితే తీసేత. ఒకదాన్ని ముట్టుకుంటే ఇంకోటి పోదు. "కరీంనగర్, చెక్‌బాక్స్, ఎంచుకోలేదు" అని స్క్రీన్ రీడర్ తనంతట తనే చెప్తుంది, నేను ఒక్క లైన్ రాయక్కర్లేదు. వాటి చుట్టూ నేను కట్టింది మూడే: తెరిచి మూసే ఒక బటన్, వెతికే గడి, ఎన్ని ఎంచుకున్నారో చెప్పే ఒక వాక్యం. ఎస్కేప్ కొడితే మూసుకుని, మళ్లీ ఆ బటన్ దగ్గరికే రావాలి. లేకపోతే చూపు లేని మనిషి పేజీలో ఎక్కడ ఉన్నారో తెలియక మళ్లీ మొదటి నుంచి వినాల్సి వస్తుంది.

ఇంకో మాట. ఫోన్లో మేం పాత డబ్బానే ఉంచేశాం. అక్కడ అది బాగా పని చేస్తోంది, పైగా ఫోన్లో ఉండే టాక్‌బ్యాక్‌కి కూడా అది అలవాటైనదే. వేలితో వాడే పరికరమా, మౌస్‌తో వాడేదా అని పేజీ కనుక్కుంటుంది. "కొత్తది చేసి ఫోన్లో పెట్టకపోవడం ఏంటి?" అని మేనేజర్ అడిగాడు. బాగున్నదాన్ని ముట్టుకోకపోవడం కూడా పనేనని చెప్పా.

ఖమ్మమా, కమ్మమా?

అసలు తిప్పలు వెతికే గడి దగ్గర మొదలయ్యాయి. పాత డబ్బాలో 'స' కొడితే 'స'తో మొదలయ్యే పేరుకి వెళ్తుంది. మరి సిరిసిల్ల? దాని పూర్తి పేరు రాజన్న సిరిసిల్ల. గద్వాల కావాలంటే జోగులాంబ దగ్గర వెతకాలి. భువనగిరి యాదాద్రి కింద, కొత్తగూడెం భద్రాద్రి కింద, ఆసిఫాబాద్ కుమురం భీమ్ కింద. జనం నోట్లో ఉన్నది చివరి ముక్క, లిస్టులో ముందున్నది మొదటి ముక్క. అందుకని పేరులో ఎక్కడున్నా దొరికేలా చేశా.

తర్వాత స్పెల్లింగులు. ఖమ్మంని కమ్మం అని కొట్టేవాళ్లుంటారు. భువనగిరిని బువనగిరి అని, కుమురం భీమ్‌ని కొమరం భీం అని. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లు సరేసరి. ఫారం నింపడానికి వచ్చిన మనిషికి వత్తుల పరీక్ష పెట్టడం మన పని కాదు. ఒక్కో జిల్లాకి జనం రాసే పేర్లన్నీ పక్కన పెట్టా. ఏది కొట్టినా అదే జిల్లా వస్తుంది.

మహబూబ్‌నగర్ అయితే ఒక సాయంత్రం మొత్తం మింగేసింది. 'బ్' తర్వాత 'న' రాస్తే రెండూ అతుక్కుని 'మహబూబ్నగర్' అయిపోతుంది. అవి విడిగా కనపడాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం పెట్టాలి. మా లిస్టులో అది ఉంది. ఆపరేటర్ కొట్టిన దాంట్లో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు మాటలు. వెతికే ముందు రెండు వైపులా ఆ అదృశ్య అక్షరాన్ని తీసేశాక గానీ మహబూబ్‌నగర్ దొరకలేదు.

ఎంటర్ కీ ఇంకో రకం. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు మాట తెప్పించుకునే కీబోర్డుల్లో, వచ్చిన మాటని ఖాయం చేయడానికి చాలామంది ఎంటర్ కొడతారు. పేజీ ఏమో ఫారం పంపేయమన్నారని అనుకుంటుంది. మాట ఇంకా తయారవుతోందా, అయిపోయిందా అని బ్రౌజర్ చెప్తుంది. అది విని, అయ్యేవరకు ఆగితే చాలు.

'అన్నీ ఎంచుకో' బటన్ మీద టీమ్‌లో చిన్న యుద్ధమే జరిగింది. 'రెడ్డి' అని వెతికితే కామారెడ్డి, రంగారెడ్డి, సంగారెడ్డి మూడే కనిపిస్తాయి. అప్పుడు అన్నీ ఎంచుకో నొక్కితే, 3 ఎంచుకోవాలా, 33 ఎంచుకోవాలా? సగం మంది ఇటు, సగం మంది అటు. చివరికి బటన్ మీద మాటే మార్చాం: "కనిపిస్తున్న 3 ఎంచుకో". గొడవ అక్కడితో అయిపోయింది.

లోపల దాచేది మాత్రం పేరు కాదు, కోడ్. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ పేరు వరంగల్ అయింది. పేరు దాచుకుంటే, పేరు మారిన రోజున పాత రికార్డులో మనిషి ఏ జిల్లా అడిగాడో ఎవరూ చెప్పలేరు.

ఐదో జిల్లా

మూడు వారాల తర్వాత మళ్లీ కరీంనగర్ వెళ్లా. మొదట ఆవిడ ఒక్కరే కూర్చుని అటూ ఇటూ తిప్పి చూశారు. 'సిరి' కొట్టారు. "1 జిల్లా దొరికింది" అంది ఎన్‌వీడీఏ. స్పేస్ కొట్టారు. "1 ఎంచుకున్నారు." ఇంకోటి వెతికి స్పేస్ కొట్టారు. "2 ఎంచుకున్నారు." ఆగి, వెనక్కి వెళ్లి, మొదటిది ఉందో లేదో విని వచ్చారు. ఉంది.

"మంచిగనే ఉంది గని, చివర్ల పేర్లన్ని ఒక్కకాడ చదివి వినిపియ్యాలె తమ్మీ. నేను పిల్లగానికి చదివి చెప్పి, కరెక్టేనా అని అడుగుత" అన్నారు. సార్ నుంచి తమ్మి అయ్యానని అప్పుడు గమనించా.

ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టిన వాళ్లెవరికైనా ఈ మాట విలువ తెలుస్తుంది. పెట్టిన కాలేజీలన్నీ సేవ్ అయ్యాయో లేదో, ఏది ముందుందో, నాలుగుసార్లు చూసుకుంటాం కదా. ఎంచుకోవడం ఎంతో, ఏం ఎంచుకున్నామో చూసుకోవడం అంతే. డిజైనర్ ముచ్చటపడిన బిళ్లల స్థానంలో అందరూ చదవగలిగే, వినగలిగే మామూలు వాక్యం వచ్చింది: "మీరు ఎంచుకున్న జిల్లాలు" అని, కింద పేర్లు. డిజైనరే దానికి అక్షరాల సైజు, ఖాళీలు సరిచేసి ముచ్చటగా చేసింది.

ఆ సాయంత్రానికి మార్చి పెట్టా. మర్నాడు పొద్దున ఒక కుర్రాడు వచ్చాడు. ఊరు సిరిసిల్ల పక్కన. సిరిసిల్ల, కరీంనగర్, జగిత్యాల, హైదరాబాద్ అన్నాడు. ఆవిడ నాలుగూ కొట్టి, విని, అతనికి చెప్పారు. "మేడం, నిజామాబాద్ కూడ పెట్టున్రి, మా అక్కోళ్లు ఉంటరాడ" అన్నాడు. ఆవిడ వెనక్కి వెళ్లి ఐదోది కలిపారు. ముందున్న నాలుగూ అలాగే ఉన్నాయి.

పక్క సీటాయన మాత్రం ఆ గడి దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా తలెత్తి చూశాడు. ఎవరూ పిలవలేదు. మళ్లీ తన పనిలో పడిపోయాడు.

ఆవిడ డ్యూటీ మారలేదు. మా ప్రాజెక్ట్ రిపోర్టులో అది లేదు. అందులో ఉన్నది "జిల్లాల ఫీల్డ్ పూర్తయింది" అనే ఒక్క లైను.

ఇదేదో దయతో చేసే పని అనుకునేవాళ్లకి ఒక విషయం. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలోనే సమాచార సాంకేతికత అందరికీ అందుబాటులో ఉండాలని ఉంది. బ్యాంకులు, ఫోన్ కంపెనీలు ఆన్‌లైన్‌లో చేసే ఇ-కేవైసీ కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. అంటే ఫారంలో ఒక గడి తెరుచుకోకపోతే, అది ఒకరి హక్కు దగ్గర పడ్డ తాళం.

మీరు నాలాగే పేజీలు చేసేవాళ్లయితే ఒక్కసారి మౌస్ పీకేసి మీ ఫారం మీరే నింపి చూడండి. తర్వాత కళ్లు మూసుకుని ఎన్‌వీడీఏతో నింపండి. మీకు పట్టేది అరగంట. అవతల ఎవరికో పక్క సీటు వైపు తిరిగే అవసరం పోతుంది.

ఫారాలు నింపేవాళ్లయితే మీకో మాట. పంపే ముందు, మీరు ఎంచుకున్నవన్నీ పేజీలో ఎక్కడైనా కనిపిస్తున్నాయేమో చూసుకోండి. ఐదు నొక్కితే ఒక్కటే మిగిలిందనుకోండి, "నాకు కంప్యూటర్ రాదు" అని మాత్రం అనుకోకండి. మీకు రాక కాదు. ఆ డబ్బాకి మీ మాట పూర్తిగా వినడం రాక.